రెండో కాగితం

పెర్కిట్,
12 జనవరి 2025

కృపక్కకు,

ఉత్తరం మొదట్లో క్షేమం అడగాలి కాబట్టి అడుగుతున్నాను. ఎలా ఉన్నావు? పెద్దమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఇక్కడ అమ్మ పసుపు పనికి పోతోంది. అమ్మమ్మ బాగుంది. నేనూ బాగున్నాననే అనుకో.

ఇలా రాసుకోవడం అమ్మమ్మ మనకు వేసిన శిక్ష. క్రిస్మస్‌కు నువ్వు రాలేదని ఫోన్లో మనం అరుచుకున్నప్పటి నుంచి ఆమె ఒకటే మాట మీద ఉంది. "ఫోన్ల వద్దు. కాయితం మీద రాసుకోండ్రి. రాసెటాళ్లకు సగం కోపం చేతులకెళ్లి దిగిపోతది" అంది. నీ ఉత్తరం వస్తే తనకు చదివి వినిపించాలట. నేను రాసింది కూడా అంటించే ముందు చదవాలట. ఒక్క అక్షరం రాని మన అమ్మమ్మ నీలవ్వ మనిద్దరికీ పరీక్ష పెట్టింది చూడు. మీ షాపు నుంచి మా షాపుకు సామాను డబ్బా బస్సు కార్గోలో వస్తుంది కదా, ఉత్తరం అందులోనే పెట్టు. నేను వాపసు సామానుతో పంపుతాను.

నువ్వు మొన్న పెట్టిన వీడియో చూశాను. అద్దాల కంప్యూటర్ క్యాబినెట్, లోపల నీళ్ల పైపులు, నీలం లైట్లు. నలభై వేల మంది చూశారట. అందులో ఏడుసార్లు నేనే. మొదటి రెండుసార్లు మెచ్చుకోవడానికి, మిగతా ఐదుసార్లు తప్పు వెతకడానికి. దొరకలేదు. ఒక్క వైరు కూడా వంకరగా లేదు. (ఈ ముక్క అమ్మమ్మకు చదవను.)

ఇంకా చదవనిది ఉంది. మన ఇంట్లో బడి దాటి ముందుకు పోయింది నేనొక్కదాన్నే. నిజామాబాద్‌లో మూడేళ్లు డిప్లొమా చదివాను. నువ్వు పదో తరగతి లెక్కల దగ్గర ఆగిపోయి పెద్దమ్మతో హైదరాబాద్ పోయావు. ఇప్పుడు చూస్తే నువ్వు నీళ్లతో చల్లబడే మిషన్లు కడుతున్నావు, నేను పసుపు అడ్తి దుకాణాల బిల్లుల కంప్యూటర్లలో దుమ్ము ఊదుతున్నాను. నిన్న ఒకటి విప్పితే ఫ్యాన్ రెక్కలు గడపకు పూసినట్టు పచ్చగా ఉన్నాయి. మా జలీల్ సేట్ తొంగి చూసి, "రూతమ్మా, కంప్యూటర్ రిపేరు బిల్లు వేరే, పసుపు బిల్లు వేరే రాయి" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇక అసలు సంగతి. ఫోటో స్టూడియో లక్ష్మీరాజం సారు తెలుసు కదా, పెళ్లి వీడియోలు తీసే ఆయన. ఎడిటింగ్‌కు పెద్ద మిషన్ కావాలన్నాడు. మన ఆర్మూర్‌లో అంత పెద్దది ఇంతవరకు ఎవరూ కట్టలేదు. జలీల్ సేట్ నన్ను పిలిచి చెప్పాడు. "బేటీ, ఇది మంచిగ నడిచిందనుకో, ముందటి కౌంటర్ పక్కకు నీకు అలగ్ టేబుల్. పైన నీ పేరుతోని బోర్డు. నడవకుంటే మాత్రం పెద్ద ఆర్డర్లన్ని సీదా హైదరాబాద్‌కే పంపుత. మీ అక్కనే కడతది."

మీ అక్కనే కడతది. ఆ మాట నాకు ఎక్కడ తగిలిందో నీకు చెప్పక్కర్లేదు.

కావలసిన వస్తువుల పట్టిక వెనక ఉంది. అన్నీ నేను చూసి రాసినవే. ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ మాత్రం నేను రాసిందే పంపు, రెండు ఫ్యాన్ల గాలి కూలర్. నీళ్లది వద్దు. మాది మీ ఏసీ గది కాదు, పసుపు ఉడికే ఊరు.

చెల్లెలు
రూత్


హైదరాబాద్,
24 జనవరి

నా డిప్లొమా చెల్లె రూతుకు,

నీ తీర్గ పుస్తకాల భాష నాకు రాదు. నేను మాట్లాడినట్టే రాస్త. మేము మంచిగున్నం. అమ్మ మోకాళ్లు అట్లనే ఉన్నయి. అమ్మమ్మా, వింటున్నవా? నువ్వు పంపిన మక్క గారెలు బస్సుల మెత్తబడ్డయి గాని తిన్నం. క్రిస్మస్‌కు రానందుకు ఇంక తిట్టకు. ఆ వారం మా షాపుల మస్తు గిరాకి.

సామాను పంపుతున్న. ప్రాసెసర్, బోర్డు, గ్రాఫిక్స్ కార్డు, అద్దం క్యాబినెట్, అన్ని నువ్వు రాసినయే. ఒక్క కూలర్ తప్ప. కోపం చెయ్యకు చెల్లె. లక్ష్మీరాజం సారు మా షాపుకే ఫోన్ జేసిండు. "వీడియోల ఉన్నది గదమ్మా, నీళ్లది, నాకు గదే కావాలె" అన్నడు. కస్టమర్ నోటితోని అడిగినంక మనమేం జేస్తం? నాలుగు కూలర్లల్ల ఒకటి నేనే ఏరిన. మా టేబుల్ మీద పొద్దంతా నడిపి చూసిన. చుక్క కారలే. మల్ల శుభ్రంగ తుడిచి డబ్బాల పెట్టిన, బస్సుల ఏం గాకుండ జాగ్రత్త జేసిన.

అమ్మమ్మ వీడియో కాల్ జేసినప్పుడల్ల ఫోన్ తిప్పి గోడ మీది నీ సర్టిఫికెట్ చూపిస్తది. "చూసినవానె, దుమ్ము గూడ పట్టలే" అంటది. చూసిన అమ్మమ్మా. యాభై సార్లు చూసిన.

బిగించెముందు చెయ్యవలసింది, ఇంకో మాట, రెండో కాయితంల రాసిన. గది నువ్వొక్కదానివే చదువు, అమ్మమ్మకు చదవకు. నేనడిగిన దానికి జవాబు మాత్రం తప్పకుంట రాయి.

మీ అక్క
కృప


పెర్కిట్,
4 ఫిబ్రవరి

కృపక్కకు,

డబ్బా అందింది. ఉత్తరం అందింది. నీ సూచనలు కూడా అందాయి. కూలర్‌కు, ప్రాసెసర్‌కు నడుమ పేస్ట్ ఎంత పెట్టాలో, స్క్రూలు ఏ వరసలో బిగించాలో నేను చదువుకునే వచ్చాను. ఇంత జాగ్రత్తలు చెప్పనక్కర్లేదు.

నేను వద్దన్న కూలరే పంపావు. ఆయన అడిగాడన్నావు. ఆయన నీకు ఎందుకు ఫోన్ చేశాడు? మిషన్ కట్టేది నేను. దుకాణం మాది. స్టూడియో మా దుకాణం నుంచి నాలుగు అంగల దూరం. అయినా ఆయన నూట ఎనభై కిలోమీటర్ల అవతల ఉన్న నిన్ను అడిగాడు.

సరే, మిషన్ కట్టాను. పొద్దున పది గంటలకు మొదలుపెట్టి సాయంత్రం చర్చి గంట కొట్టే లోపల ముగించాను. స్టూడియోలోనే కట్టమన్నాడు. పెళ్లికూతుర్లను కూర్చోబెట్టే ఎర్ర కుర్చీ పక్కన టేబుల్ వేశాడు. ఆ టేబుల్ ఒక కాలు పొట్టి. ఊగుతుంటే నా సంచిలోని కాగితం ఒకటి నాలుగు మడతలు పెట్టి కాలి కింద దూర్చాను. తర్వాత కదలలేదు.

క్యాబినెట్ అద్దానికి ఉన్న ప్లాస్టిక్ పొర లాగబోతే లక్ష్మీరాజం సారు పరుగెత్తుకొచ్చాడు. "ఏయ్ ఏయ్ బిడ్డా, కవరు గుంజకు! కొత్తగ ఉండనియ్యి." ఆయన సోఫాకు ఐదేళ్ల కింది ప్లాస్టిక్ ఇంకా ఉంది. కూర్చుంటే చప్పుడు చేస్తుంది. నాకు మన ఇల్లు గుర్తొచ్చింది. ఫ్రిజ్ తలుపు మీద పొర బుడగలు బుడగలుగా లేచినా అమ్మమ్మ తీయనివ్వదు కదా. రిమోట్‌కు కవరు, నా సర్టిఫికెట్‌కు అద్దం, అద్దం మీద మళ్లీ కవరు. ఆయన మాట విని పొర వదిలేశాను.

స్విచ్ వేయగానే మొదటి సారికే స్క్రీన్ వెలిగింది. అక్కా, ఆ క్షణం నా గుండె ఎంత కొట్టుకుందో నీకు తెలుస్తుంది, ఇంకెవరికీ తెలియదు. లక్ష్మీరాజం సారు రెండు చేతులతో చప్పట్లు కొట్టాడు. "మీ అక్క మస్తు చేసిందమ్మా" అన్నాడు.

స్క్రూడ్రైవర్ నా చేతిలో ఉంది.

ఈ ఉత్తరం అమ్మమ్మకు చదివేటప్పుడు ఆ మాటను "నువ్వు మస్తు చేసినవమ్మా" అని మార్చి చదువుతాను. బైబిల్ ముందు కూర్చుని ఉంటుంది, అయినా మార్చే చదువుతాను.

ఒక్క సంగతి. ఏ పనీ చేయకుండా ఊరికే ఉన్నప్పుడే ప్రాసెసర్ అరవై ఐదు డిగ్రీలు చూపిస్తోంది. నీళ్ల కూలర్ మహిమ ఇదేనా?

రూత్


హైదరాబాద్,
14 ఫిబ్రవరి

రూతుకు,

నీ ఉత్తరం చదివిన. మొదటి సారికే స్క్రీన్ వచ్చిందంటె సంబరమైంది. మా సేటుకు గూడ చెప్పిన. నాకైతె మొదటి మిషన్ మూడు రోజులు సతాయించింది.

లక్ష్మీరాజం సారు నా పేరు చెప్పిండని నువ్వు రాసింది చూసి నాకే మంచిగ అనిపియ్యలే. నేను ఆయనతోని ఏం మాట్లాడిన్నో రెండో కాయితంల రాసిన గద. అయినా నీకు కోపమే ఉన్నది.

అరవై ఐదు శానా ఎక్కువ. ఊకె ఉన్నప్పుడు ముప్పై ఐదు, గట్టిగంటె నలభై ఉండాలె. నేను రాసినట్టే బిగించినవా? నిజం జెప్పు. బిగించినంటె ఇంకేమన్న చూద్దాం. ఫ్యాన్లు ఏ దిక్కుకు గాలి కొడుతున్నయి? క్యాబినెట్ ముందటి జాలికి పసుపు పట్టిందా?

ఇంకోటి. నేనడిగిన దానికి నువ్వు ఒక్క ముక్క గూడ రాయలే. ఔనంటె ఔను, కాదంటె కాదు. అడిగినందుకు నాకే సిగ్గయితుంది. నవ్వుకున్నవేమో అనిపించింది. ఈ నెలాఖరు దాక చూస్త. తర్వాత ఇంక అడుగ.

అమ్మమ్మకు అక్కడి చలిల స్వెటర్ వేసుకొమ్మను.

కృప


పెర్కిట్,
26 ఫిబ్రవరి

కృపకు,

నువ్వు రాసినట్టే బిగించాను. అంతా రాసినట్టే చేశాను. మళ్లీ అడగకు.

ఫ్యాన్లు తిప్పి చూశాను. జాలి రోజూ తుడుస్తున్నాను. అద్దం తలుపు తీసి పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టాను. ఏం చేసినా వీడియో మొదలుపెట్టిన పది నిమిషాలకు తొంభై తొమ్మిది డిగ్రీలకు పోయి మిషన్ ఆగిపోతోంది. దొంకేశ్వర్ వాళ్ల పెళ్లి వీడియో ఒకటి ఉంది. నాలుగుసార్లు సగంలో పోయింది. నాలుగోసారి తాళి కట్టే దగ్గర ఆగింది. పెళ్లికూతురు మేనమామ స్టూడియోకు వచ్చి, "ఏమయ్యా లక్ష్మీరాజం, మా పిల్ల పెండ్లి అయినట్టా కానట్టా?" అని అందరి ముందూ అడిగాడు. ఆయన తల వంచుకున్నాడు. తర్వాత తల ఎత్తి నా వైపు చూశాడు.

కూలర్ విప్పి చూద్దామంటే జలీల్ సేట్ మొదట ఒప్పుకోలేదు. "నీళ్లదాన్ని కదిలించకు బేటీ, కారిందంటే బోర్డు పోతది" అన్నాడు. చేత్తో ముట్టుకుని చూశాను. పైపులు చల్లగా ఉన్నాయి. ప్రాసెసర్ కుతకుతలాడుతుంటే పైపులు చల్లగా ఎందుకుంటాయి? వేడి, నీళ్లలోకి పోవడం లేదు. అంటే పంపు చచ్చిపోయింది. ఇది నువ్వు నేర్పాల్సింది కాదు, నాకే తెలుసు.

"పొద్దంతా నడిపి చూసిన" అని నువ్వే రాశావు. వాడిన కూలర్‌ను తుడిచి నాకు పంపావన్న మాట. జలీల్ సేట్‌కు అలాగే చెప్పాను. ఆయన మీ సేట్‌కు ఫోన్ చేస్తానన్నాడు, చేసే ఉంటాడు. నా టేబుల్ గురించి ఇప్పుడు మాట్లాడటం లేదు. నిన్న గిరాకి ఒకరు పెద్ద మిషన్ అడిగితే నా ముందే "హైదరాబాద్‌ల చెప్పిస్త" అన్నాడు.

నీకు వీడియోలున్నాయి. నలభై వేల మంది ఉన్నారు. ఇక్కడ నాకు ఒక టేబుల్ వస్తుంటే అది కూడా ఓర్వలేకపోయావా? ఇన్ని పేజీలు రాసినా కోపం చేతుల్లోంచి దిగలేదని అమ్మమ్మకు చెప్పాలి.

ఇవాళ కూలర్ విప్పేశాను. పేస్ట్ కూడా తుడవలేదు. ఎలా ఉన్నదాన్ని అలా ఈ డబ్బాలో పెడుతున్నాను. నువ్వడిగిన దానికి ఇప్పుడు నా దగ్గర జవాబు లేదు.

ఈ ఉత్తరం అమ్మమ్మకు చదవలేదు. తలనొప్పి అని చెప్పి అంటిస్తున్నాను.

రూత్


హైదరాబాద్,
8 మార్చి

రూతుకు,

కూలర్ అందింది. మా సేటు ముందట్నే విప్పిన.

పేస్ట్ తుడిస్తె కింద కూలర్ రాగి పలక కనపడాలె. తుడిచిన. మెరుస్తుంది గాని ఎందుకో అనుమానమొచ్చి గోరు పెట్టి చూసిన. గోటికి అంచు తాకింది. గుంజితె వచ్చింది. నేను అంటించిన ఫిల్మే. ఫోన్ అద్దానికి వేసేటిది. పంపు మంచిగనే నడుస్తుంది రూతూ. నడుమల ప్లాస్టిక్ ఉంటె వేడి, నీళ్లలకు ఎట్ల పోతది?

కంపెనీ వేసిన పొర నేను నడిపి చూసెటప్పుడే పోయింది. బస్సుల రాగికి గీతలు పడతయని, మన పసుపు దుమ్ము అంటుతదని, గుండ్రంగ కత్తిరించి కొత్తది అంటించిన. మా షాపుల ఎవ్వరూ గిట్ల జెయ్యరు. నేను మన అమ్మమ్మ ఇంట్ల పెరిగినదాన్ని. కొత్త వస్తువు మీద కవరు లేకుంటె నా పానం ఒప్పదు. బిగించెముందు తియ్యి అని రెండో కాయితం మీద మొదటి ముక్కనే రాసిన. నువ్వు రాసినట్టే చేసిన అన్నవు.

మీ సేటు ఫోన్ జేసి వాడిన మాలు పంపిన్రు అన్నడంట. ఆ దినం సంది మా సేటు నన్ను టేబుల్ కాడ్నుంచి లేపి ప్యాకింగ్ కాడ కూసోబెట్టిండు. డబ్బాలకు టేపు వేస్తున్న. ఇయ్యాల ఫిల్మ్ చూపిస్తె, "అంటించింది నువ్వే గదా" అన్నడు. గదీ నిజమే.

నేనడిగిన దాని తారీకు దాటిపోయింది. జవాబు లేదు అన్నవు, అర్థమైంది. చదువుకున్నోళ్లకు నేనేం చెప్తా.

ఫిల్మ్ ఈ కాయితానికే అతికించిన, చూసుకో. కూలర్ తిరిగి పంపుతున్న. దీనికి ఏ కవరు లేదు.

కృప


పెర్కిట్,
17 మార్చి

అక్కా,

ఈ ఉత్తరంలో అబద్ధం లేకుండా రాయాలని కూర్చున్నాను. అందుకే రెండు రోజులు పట్టింది.

నేను రెండో కాగితం చదవలేదు. విప్పగానే మొదటి వరస కనబడింది. "చెల్లె, జర జాగ్రత్తగ చదువు" అని ఉంది. అంతే, ఒళ్లు మండింది. పదిలో ఆగిపోయిన మనిషి డిప్లొమా చదివినదానికి జాగ్రత్తగా చదవమని చెబుతోందా అనుకున్నాను. ఇంకో మాట అన్నావు కదా, అది నా మిషన్‌ను వీడియో తీసి నీ పేరుతో పెట్టుకుంటానని అడగడమే అయి ఉంటుందని నేనే ఊహించుకున్నాను. కాగితాన్ని మడిచి సంచిలో వేశాను. లక్ష్మీరాజం సారు టేబుల్ ఊగుతుంటే కాలి కింద దూర్చింది ఆ కాగితమే.

నలభై రోజులు ఆ మిషన్ నీ మాట మీదే నిలబడి ఉంది. నేను పైన ఫ్యాన్లు తిప్పుతూ ఉన్నాను.

నువ్వు "నేను రాసినట్టే బిగించినవా" అని అడిగినప్పుడైనా ఆ కాగితం తీయాల్సింది. తీస్తే నీకు కాదు, నాకు నేను ఒప్పుకున్నట్టవుతుంది. అందుకే తీయలేదు.

నీ ఉత్తరం, దానికి అతికించిన ఆ చిన్న గుండ్రటి ఫిల్మ్ చూశాక తిన్నగా స్టూడియోకు పోయాను. టేబుల్ కొంచెం ఎత్తమంటే లక్ష్మీరాజం సారు, "ఇంకేం మిగిలిందమ్మా ఎత్తడానికి?" అంటూనే ఎత్తాడు. కాగితం మీద టేబుల్ కాలి ముద్ర పడింది కానీ అక్షరాలన్నీ ఉన్నాయి. ఎర్ర కుర్చీలో కూర్చుని చదివాను.

మొదటి ముక్క ఫిల్మ్ గురించి. "ఇది తియ్యకుంటె మిషన్ కాలుతది" అని కింద గీత కూడా గీశావు.

రెండో ముక్క లక్ష్మీరాజం సారు గురించి. మిషన్ హైదరాబాద్‌లోనే కట్టించి పంపమని ఆయన అడిగితే, "మా చెల్లె చదువుకున్నది, నాకంటె మంచిగ కడతది, అక్కడ్నే కట్టించుకోండ్రి, లేకుంటె నేను సామాను పంప" అన్నావట. ఈ పని నా దగ్గరికి వచ్చింది జలీల్ సేట్ వల్ల అనుకున్నాను.

మూడోది, నా సర్టిఫికెట్ చూసినప్పుడల్లా నీ కడుపు మండుతుందని రాశావు. "మంచిగనే నవ్వుత గాని ఫోన్ పెట్టేసినంక ఎవ్వరితోని మాట్లాడ బుద్ధిగాదు." అక్కా, నేను నీ వీడియో ఏడుసార్లు చూశానని రాస్తే నీకు ఇది గుర్తొచ్చి ఉంటుంది. మనిద్దరం ఒకే పని చేస్తూ ఉన్నాం.

నాలుగోది రెండుసార్లు చదివాను. పదో తరగతి లెక్కల పరీక్ష ఓపెన్ స్కూల్లో మళ్లీ రాస్తానన్నావు. ఫిబ్రవరి నెలాఖరు లోపల ఫీజు కట్టాలి, నా పాత లెక్కల పుస్తకం పంపుతావా, అర్థం కానివి ఉత్తరంలో చెబుతావా, నేను చెయ్యగలనా చెల్లె, అని అడిగావు. నేను ఏమని జవాబు రాశానో ఇక్కడ మళ్లీ రాయలేను.

దుకాణానికి వెళ్లి జలీల్ సేట్‌కు అంతా చెప్పాను. ఆయన చాలాసేపు స్క్రూల డబ్బా కదిలిస్తూ ఉన్నాడు. "అరె రూతమ్మా, ఇంత చదివినవు, ఒక్క కాయితం చదవనీకి ఏమైంది నీకు?" అన్నాడు. వెంటనే మీ సేట్‌కు ఫోన్ చేశాడు. "గలతీ మాది. ఆ పిల్లను టేబుల్ మీదికి పంపు" అని నా ముందే చెప్పాడు. ఫోన్ పెట్టి నా వైపు తిరిగి, "బోర్డు సంగతి ఇప్పుడు అడగకు. దసరా దాక చూస్త" అన్నాడు. అడగలేదు. నిన్ను టేబుల్ దగ్గరికి పంపకపోతే ఆయన మీ షాపుకు మళ్లీ ఫోన్ చేస్తానన్నాడు. నాకు రాయి, నేను గుర్తుచేస్తాను.

కూలర్ బిగించాను. ఊరికే ఉన్నప్పుడు ముప్పై నాలుగు. దొంకేశ్వర్ పెళ్లి వీడియో మొదలుపెట్టి జలీల్ సేట్, లక్ష్మీరాజం సారు, నేను ముగ్గురం స్క్రీన్ ముందు కూర్చున్నాం. తాళి కట్టే చోటు దాటింది. అప్పగింతలు దాటాయి. అరవై ఒకటి దగ్గర నిలిచింది, అంతకు మించి కదలలేదు. పైపులు ముట్టుకుంటే గోరువెచ్చగా ఉన్నాయి. లక్ష్మీరాజం సారు మళ్లీ అదే మాట, "మీ అక్క మస్తు కూలర్ పంపింది" అన్నాడు. నేను అవునన్నాను. అనడానికి కొంచెం టైం పట్టింది. తర్వాత క్యాబినెట్ అద్దం మీది పొర ఆయన చూస్తుండగానే లాగేశాను. ఈసారి అరవలేదు.

ఇంటికొచ్చి అమ్మమ్మను కూర్చోబెట్టి అన్ని ఉత్తరాలూ చదివాను. నా ఉత్తరాలు సంచిలోని నోటుబుక్కులో మొదట రాసుకునే పంపుతాను కదా, అవి కూడా. దాటేసినవి, మార్చి చదివినవి, తలనొప్పి అని చదవనిది, రెండో కాగితం, అన్నీ. అమ్మ కూడా కాళ్లు కడుక్కుని వచ్చి గడప దగ్గర కూర్చుంది. అయిపోయాక అమ్మమ్మ నీ ఉత్తరానికి అతికి ఉన్న ఫిల్మ్‌ను వేలితో తడిమింది. తర్వాత అంది. "దాని మీద నీ ఏడుపు, నీ మీద దాని ఏడుపు. నడుమల ఆ మిషిను ఏం చేసిందే మీకు?"

అమ్మ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను, తర్వాత ఏడ్చాను. అమ్మమ్మ నన్ను ఓదార్చలేదు. "పుస్తకం ఏది?" అంది.

పుస్తకం ఈ డబ్బాలోనే ఉంది. అడుగున చూడు, కేబుళ్ల కింద పెట్టాను. అమ్మమ్మ అట్ట వేసి పైన ప్లాస్టిక్ కవరు వేయమంది. వేయలేదు. నీకు విప్పగానే పేజీలు తగలాలి. త్రికోణమితి దగ్గర నేను పెన్సిల్‌తో రాసుకున్నవి అలాగే ఉంచాను. నాకూ అది మూడుసార్లు చెబితే గానీ రాలేదు, ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మళ్లీ ఫీజు కట్టేది జూన్ తర్వాతేనట, కనుక్కున్నాను. అప్పటిదాకా ప్రతి డబ్బాలో ఐదు లెక్కలు చేసి పంపు. దిద్ది పంపుతాను. ఎన్ని కాగితాలుంటే అన్నీ చదువుతాను, చివరిది ముందు.

అక్కా, అసూయ పోయిందని రాస్తే అది ఈ ఉత్తరంలో మొదటి అబద్ధం అవుతుంది. నీ వైర్లు ఇంకా నావాటికంటే తిన్నగా ఉంటాయి. పైగా ఇప్పుడు కొత్తది ఒకటి పుట్టింది. నువ్వు పరీక్ష పాసైతే, మన ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే అనే మాట పోతుంది. ఇన్నేళ్లూ నాకంటూ ఉన్నది ఆ ఒక్క మాటే. తలచుకుంటే లోపల కలుక్కుమంటోంది. అది కూడా నీకు తెలియాలని రాస్తున్నాను, అమ్మమ్మకు కూడా చదివాను.

విని ఆమె లేచి గోడ దగ్గరికి పోయింది. నా సర్టిఫికెట్‌ను జానెడు పక్కకు జరపమంది. పక్కన ఖాళీ చోట వేలు పెట్టి, "గిక్కడ" అంది.

మేకు నేనే కొట్టాను.

నీ చెల్లె
రూతు